పిలాటిస్ క్లాసులో చేరే ముందు శిక్షకులను ఎలా ఎంచుకోవాలి

హైదరాబాదులో జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు వెళ్తుంటే పిలాటిస్ అన్న మాట ఉన్న బోర్డులు ఈమధ్య తరచుగా కంటబడుతున్నాయి. అద్దాల తలుపు వెనక మంచంలాంటి చట్రం, దానిపై ముందుకూ వెనక్కూ జారే పలక, కింద వరుసగా స్ప్రింగులు ఉన్న రిఫార్మర్ అనే పరికరం కనిపించేసరికి అదేదో వైద్య పరికరమనీ, దాన్ని నడిపే వ్యక్తికి ఎవరో ఒకరు పరీక్ష పెట్టి అనుమతి ఇచ్చే ఉంటారనీ మనకు మనమే అనుకుంటాం. అలా అనుకోవడానికి ఆధారమేమీ లేదు. పిలాటిస్ అన్నది యోగా, కరాటేల్లాగా ఒక వ్యాయామ పద్ధతి పేరే తప్ప ఏ ఒక్కరి ట్రేడ్‌మార్కూ కాదని 2000 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి, రెండేళ్లు కష్టపడి నేర్చుకున్న వారూ, రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్లివచ్చిన వారూ అదే మాటను తమ బోర్డుపై రాసుకోగలుగుతున్నారు. మన దేశంలో యోగా శిక్షకులకు ఆయుష్ మంత్రిత్వశాఖ కింద ధ్రువీకరణ బోర్డు ఉన్నా, పిలాటిస్‌కు అలాంటి ప్రభుత్వ వ్యవస్థ లేదు. కాబట్టి వడపోత పని చేరేవారి మీదే పడుతుంది. ఆ పని ఏ వరుసలో చేసుకోవాలో కింద చెబుతున్నాను.

మొదట, ఎందుకు చేరాలనుకుంటున్నారో తేల్చుకోండి

శిక్షకులను ప్రశ్నించే ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోవాలి. మీకు కావలసింది నడుము బలమా, కాన్పు తర్వాత వదులైన పొట్టకు పట్టా, పడిపోతామన్న భయం తగ్గడమా, లేక బరువు తగ్గడమా? చివరిదే అయితే పిలాటిస్ మీద పెట్టే డబ్బులో సగం ఆదా చేసుకొని రోజూ చురుగ్గా నడవడం మేలని నా అభిప్రాయం. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో గుండెకు పని చెప్పే వ్యాయామమూ, వారంలో రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామమూ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. పిలాటిస్ ఈ రెండో భాగానికి బాగా పనికొస్తుంది కానీ మొదటి భాగానికి నడకో, ఈతో, సైకిలో ఉండవలసిందే.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే దాని నుంచి ఏం ఆశించాలో కూడా తెలుస్తుంది. జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టాడు. చిన్నతనమంతా ఉబ్బసంతో, ఎముకలు వంగిపోయే రికెట్స్‌తో బాధపడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఇంగ్లండులో ఉండటంతో, శత్రుదేశ పౌరుడని అతన్ని నిర్బంధించి ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలోని శిబిరంలో ఉంచారు. అక్కడ తోటివారికి వ్యాయామం నేర్పుతూ, మంచం దిగలేని వారికోసం ఆ మంచాలకే స్ప్రింగులు బిగించాడని చెబుతారు. 1926లో న్యూయార్క్ చేరి, జీవిత సహచరి క్లారాతో కలిసి ఎయిత్ అవెన్యూలో వ్యాయామశాల నడిపితే, దెబ్బలు తగిలిన నృత్యకారులు అక్కడికి వరుసకట్టారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ, అంటే అదుపు శాస్త్రం. ఎన్నిసార్లు చేశామన్నది కాక ఎంత అదుపుతో చేశామన్నదే ఇందులో లెక్క కనుక, ఒక కదలికను ఆరేడుసార్లు చేయించి ఆపే క్లాసు చూసి ఇంతేనా అనుకోకండి.

ప్రయోజనాల విషయంలో అతిశయోక్తులు చాలా వింటారు. దీర్ఘకాలిక నడుము నొప్పిపై అప్పటివరకు జరిగిన 10 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 510 మంది ఫలితాలను వైద్య ఆధారాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2015లో సమీక్షించింది. ఏమీ చేయకుండా లేదా నామమాత్రపు చికిత్సతో ఉండటం కన్నా పిలాటిస్ చేసినవారికి నొప్పి, పనులు చేసుకోవడంలో ఇబ్బంది తగ్గాయనీ, అయితే ఇతర వ్యాయామాల కన్నా ఇది మెరుగని గట్టిగా చెప్పే ఆధారం లేదనీ అది తేల్చింది. నాకు ఈ రెండో మాటే ముఖ్యమనిపిస్తుంది. ఇప్పటికే మంచి గురువు దగ్గర యోగా చేస్తూ నడుము బాగున్నవారు, కొత్తగా వచ్చిందని దీనికి మారనవసరం లేదు. తేడా వచ్చేది పద్ధతి పేరు వల్ల కాదు, మీ శరీరాన్ని ఒకరు దగ్గరుండి చూసి, తప్పు దిద్ది, వారం వారం భారం పెంచడం వల్ల. ఆ చూసే కన్ను లేకపోతే రిఫార్మర్ అయినా జారుడు మంచమే.

మీ ఆరోగ్య వివరాలు ఒక కాగితం మీద రాసుకోండి

చేరే ముందే మీ వయసు, పాత దెబ్బలు, ఆపరేషన్లు, వాడుతున్న మందులు, నొప్పి ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు తగ్గుతుందో ఒక కాగితం మీద రాసుకోండి. నడుము నొప్పితో పాటు కాలు మొద్దుబారడం, పాదంలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు తప్పడం వంటివి ఉంటే స్టూడియోకు కాదు, నేరుగా వైద్యుల దగ్గరికి వెళ్లాలి. బీపీ, హెర్నియా, గ్లకోమా, ఈమధ్య జరిగిన శస్త్రచికిత్స ఉన్నవారు వైద్యుల మాట తీసుకున్నాకే చేరాలి. గర్భిణుల్లో నాలుగో నెల దాటినవారిని ఎక్కువసేపు వెల్లకిలా పడుకోబెట్టే క్లాసు సరైనది కాదు. సిజేరియన్ అయినవారు సాధారణంగా ఆరు వారాలకు జరిగే పరీక్షలో డాక్టరు సరేనన్న తర్వాత, అదీ కాన్పు తర్వాతి శరీరం గురించి ప్రత్యేకంగా నేర్చుకున్న శిక్షకుల దగ్గరే మొదలుపెట్టాలి.

ఎముకలు గుల్లబారినవారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో యాభై అయిదు దాటిన అమ్మలను, అత్తలను పిల్లలే ఉత్సాహంగా ఈ క్లాసుల్లో చేర్పిస్తున్నారు. పిలాటిస్ మ్యాట్ వ్యాయామాల్లో చాలావాటిలో తల, భుజాలు పైకెత్తి వెన్నును ముందుకు వంచాల్సి వస్తుంది. గుల్లబారిన వెన్నుపూసలకు సరిగ్గా ఆ వంపే ప్రమాదం. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలాంటి 59 మంది మహిళలపై ప్రచురించిన అధ్యయనంలో, వెన్నును ముందుకు వంచే వ్యాయామాలు చేసిన బృందంలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా చితికితే, వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవారిలో అది 16 శాతమే. అది చిన్న అధ్యయనమే అయినా అందులోని హెచ్చరికను ఇప్పటికీ పాటిస్తున్నారు. అందుచేత శిక్షకులకు వేయవలసిన మంచి పరీక్ష ప్రశ్న ఒకటి దొరికింది: “మా అమ్మకు ఎముకలు గుల్లబారాయి, ఏ వ్యాయామాలు మానిపిస్తారు?” అని అడగండి. పడుకున్నచోటి నుంచి వెన్నును ముందుకు చుట్టుకుంటూ లేచే రోలప్ లాంటివి తీసేసి, బోర్లా పడుకొని ఛాతీ ఎత్తేవి, నిలబడి చేసేవి పెడతామని తడుముకోకుండా చెబితే మంచిది. అన్నీ మెల్లగా చేయిస్తాం, భయం లేదు అంటే కాళ్లకు చెప్పులు తొడుక్కోండి.

మ్యాట్ మీదా, రిఫార్మర్ మీదా అన్నది తర్వాతి నిర్ణయం

రిఫార్మర్ కనిపించకపోతే అది పిలాటిసే కాదన్నట్టు ప్రచారం సాగుతోంది కానీ, 1945లో జోసెఫ్ పిలాటిస్ రాసిన పుస్తకంలో ఉన్న 34 వ్యాయామాలూ నేల మీద చేసేవే. స్ప్రింగుల వల్ల ఒక సౌకర్యముంది: బలహీనులకు అవి ఊతమిస్తాయి, బలవంతులకు ఎదురు నిలుస్తాయి. అయితే స్ప్రింగు ఎక్కువైతే కష్టం, తగ్గితే సుఖం అన్న లెక్క అన్నిచోట్లా చెల్లదు. పడుకొని పాదాలతో రిఫార్మర్ చివరనున్న బార్‌ను నెట్టేటప్పుడు స్ప్రింగులు పెరిగేకొద్దీ కాళ్లకు పని పెరుగుతుంది. అదే చేతులు బార్ మీదా, కాళ్లు పలక మీదా ఆనించి కర్రలా నిలిచేటప్పుడు స్ప్రింగులు తగ్గించేకొద్దీ పలక పారిపోతూ పొట్ట కండరాలకు చెమటలు పట్టిస్తుంది. కొత్తవారికి “తేలికగా ఉంటుంది, ఒక్క స్ప్రింగే పెట్టాను” అని ఈ రెండో రకం చేయించే శిక్షకులకు తమ పరికరం తమకే తెలియదని అర్థం.

నొప్పి ఉన్నవారు, యాభై దాటినవారు మొదటి అయిదారు క్లాసులు ఒక్కరే ఉండే క్లాసుగా తీసుకొని, ఆ తర్వాత నలుగురైదుగురు ఉండే బృందంలోకి మారడం నా దృష్టిలో డబ్బుకు తగిన పద్ధతి. ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతులకు మ్యాట్ క్లాసు చాలు, ఖర్చు కూడా తక్కువ.

అర్హతల గురించి అడిగి తెలుసుకోండి

మనలో చాలామందికి గురుస్థానంలో ఉన్నవారిని పత్రాలు అడగడం మర్యాద కాదేమోనన్న జంకు ఉంటుంది. పిల్లల స్కూలు ఫీజు రసీదు నాలుగుసార్లు సరిచూసే మనమే ఇక్కడ మొహమాటపడతాం. ఎదురుగా అడగలేకపోతే వాట్సాప్‌లో ఇలా రాయవచ్చు: “నమస్కారం మేడమ్. నాకు 46 ఏళ్లు, రెండేళ్లుగా నడుము నొప్పి ఉంది. మీ దగ్గర చేరాలనుకుంటున్నాను. మీరు ఏ సంస్థలో, ఏ సంవత్సరంలో శిక్షణ పూర్తిచేశారో, అది మ్యాట్ వరకేనా లేక అన్ని పరికరాలకూనా, మొత్తం ఎన్ని గంటలో చెప్పగలరా? చేరే ముందు ఒక క్లాసు కూర్చొని చూడవచ్చా?” నిజంగా చదువుకున్నవారికి ఈ ప్రశ్నలు సంతోషం కలిగిస్తాయి, తాము పడిన కష్టం గురించి అడిగేవారు వారికీ అరుదుగానే దొరుకుతారు.

వచ్చిన జవాబును ఎలా చదవాలో చూద్దాం. పూర్తిస్థాయి శిక్షణ అంటే మ్యాట్, రిఫార్మర్, కాడిలాక్ అనే నాలుగు స్తంభాల బల్ల, చెయిర్, బ్యారెల్ అనే పరికరాలు అన్నీ నేర్పేది. అమెరికాలో ఇలాంటి శిక్షణకు 450 గంటలను ప్రమాణంగా తీసుకుంటారు. ఆ గంటలన్నీ పాఠం వినడానికే పోవు. సొంత సాధన, అనుభవజ్ఞుల క్లాసులను గమనించడం, వారి పర్యవేక్షణలో ఇతరులకు నేర్పడం అందులోనే ఉంటాయి, చివర రాత పరీక్ష, చేసి చూపించే పరీక్ష ఉంటాయి. మ్యాట్ ఒక్కటే నేర్పే కోర్సు కొద్ది రోజుల్లో ముగుస్తుంది. అది మోసమేమీ కాదు, కానీ ఆ పత్రంతో రిఫార్మర్ మీద పాఠం చెప్పడం తప్పు. టొరంటోలో మొదలైన స్టాట్ పిలాటిస్, అమెరికాకు చెందిన బాసి, బ్యాలెన్స్‌డ్ బాడీ, పోల్‌స్టార్ వంటి సంస్థల శిక్షణకు అంతర్జాతీయంగా పేరుంది. వాటితో పాటు, శిక్షణ ఎక్కడ పొందినా స్వతంత్రంగా పరీక్ష పెట్టే నేషనల్ పిలాటిస్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ కూడా అమెరికాలో ఉంది. పత్రం మీది పేరును, సంవత్సరాన్ని ఆ సంస్థనే అడిగి సరిచూసుకోవడంలో తప్పు లేదు. అమెరికాలో ఉంటున్న తెలుగువారు కూడా, అక్కడా ప్రభుత్వ లైసెన్సు లేదన్న సంగతి గుర్తుంచుకొని ఇదే పని చేయాలి.

ఫిజియోథెరపీ డిగ్రీ వేరు, పిలాటిస్ శిక్షణ వేరు. డిస్కు సమస్య, మోకాలి ఆపరేషన్ వంటివి ఉన్నవారికి రెండూ ఉన్న వ్యక్తి దొరికితే అంతకన్నా కావలసింది లేదు. డిగ్రీ లేని పిలాటిస్ శిక్షకులు “మీకు ఎల్-ఫోర్, ఎల్-ఫైవ్ దగ్గర నొక్కుకుపోయింది” అంటూ నడుము వెన్నుపూసల పేర్లు చెప్పి, చేత్తో తడిమి రోగనిర్ధారణ మొదలుపెడితే మాత్రం తమ హద్దు దాటినట్టే. మంచి శిక్షకుల గుర్తు ఏమిటంటే, ఇది నా పని కాదు, ముందు డాక్టరుకు చూపించుకొని రండి అని పంపించగలగడం.

ఒక క్లాసు చూడండి, ఒక క్లాసు చేయండి

పత్రాలు సగం సంగతే చెబుతాయి, మిగతా సగం క్లాసులో తెలుస్తుంది. నేను మొదట చేరినచోట పదిమందికి ఒకరే నేర్పేవారు. పాటల హోరులో ఆయన ముందువరుసలో తన వ్యాయామం తాను చేసుకుంటూ లెక్క చెప్పేవారు. హండ్రెడ్ అనే వ్యాయామంలో వెల్లకిలా పడుకొని, తల ఎత్తి, చేతులను పైకీ కిందికీ ఆడిస్తూ అయిదు లెక్కలకు ఊపిరి తీసుకొని అయిదు లెక్కలకు వదలాలి. అలా పదిసార్లు చేస్తే వంద. అరవైకే నా మెడ పట్టేసింది, వందదాకా లాగాను, నాలుగు రోజులు తల పక్కకు తిప్పలేకపోయాను. చెబితే “మొదట్లో అందరికీ అంతే సార్” అన్నారు.

తర్వాత ఒక శిక్షకురాలి దగ్గర అదే వ్యాయామం మొదలుపెట్టి ఇరవై లెక్కకు వచ్చేసరికి ఆమె ఆపించారు. “సార్, ఇప్పుడు పట్టేస్తున్నది మెడ వెనకా, గొంతు ముందా?” అని అడిగారు. ముందు అన్నాను. తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, తల ఎత్తకుండా చేతులు మాత్రమే ఆడించమన్నారు, నా కింది పక్కటెముకల మీద నా చేతులే పెట్టించి, ఊపిరి వదిలినప్పుడు అవి దగ్గరికి రావడం గమనించమన్నారు. ఆ రోజంతా అదే పాఠం. పక్క మ్యాట్ మీద అరవై దాటిన ఒక పెద్దావిడ “న్యూట్రల్ స్పైన్ అంటే ఏమిటమ్మా?” అని, వెన్నును సహజ వంపులో ఉంచడాన్ని చెప్పే ఆ మాట గురించి అడిగితే, ఆమె ఇంగ్లీషు మాటలన్నీ పక్కన పెట్టి, “అమ్మా, కుచ్చిళ్లు దోపుకునేటప్పుడు బొడ్డు దగ్గర ఎంత లోపలికి తీసుకుంటారో అంతే తీసుకోండి, బిగబట్టకండి, మాట్లాడుతూ ఉండగలగాలి” అన్నారు. ఆ పెద్దావిడకు ఆ క్షణంలోనే అర్థమైంది. మీ ఇంట్లో పెద్దవారిని చేర్పించేటప్పుడు శిక్షకులకు తెలుగులో ఇలా చెప్పగల నేర్పు ఉందో లేదో చూడటం పత్రాలు చూడటమంత ముఖ్యం.

క్లాసు చూసేటప్పుడు శిక్షకుల చేతలకన్నా చూపులను గమనించండి. వాళ్ల కళ్లు అద్దంలో తమ మీదే ఉన్నాయా, విద్యార్థుల మీద తిరుగుతున్నాయా? మీ తప్పులను వాళ్లు పట్టుకుంటున్నారో లేదో తెలుసుకోవడానికి ముందు రోజు ఇంట్లోనే ఒక చిన్న కదలిక చేసి చూసుకోండి. చాప మీద వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి పాదాలు నేలకు ఆనించండి. ఒక అరచేతిని నడుము కింద ఉండే ఖాళీలోకి జొనపండి. ఊపిరి వదులుతూ కుడికాలిని, మోకాలి మడత మారకుండా, తుంటికి నిటారుగా మోకాలు వచ్చేదాకా ఎత్తండి, ఊపిరి తీసుకొని మళ్లీ వదులుతూ దించండి. చేతి మీద నడుము ఒత్తిడి మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే మంచిది. దించేటప్పుడు నడుము విల్లులా లేచి చేయి ఖాళీ అయినా, పొట్ట మధ్యలో గట్టులా ఉబికినా, దవడ బిగిసినా, ఊపిరి ఆగినా అదుపు తప్పినట్టు. ఇప్పుడు ఈ కదలికనే శిక్షకుల ముందు చేయండి. మీకు తెలిసిన ఆ తప్పును రెండు మూడు సార్లలో పట్టుకొని, చేయవలసిన ఎత్తు తగ్గించో, పాదం కింద ఆసరా పెట్టో సులువు చేస్తే, మీరు సరైనచోటికి వచ్చారు.

తాకి దిద్దే ముందు అనుమతి అడుగుతున్నారా అన్నదీ చూడండి. వద్దంటే మాటలతోనే దిద్దడం చేతనవాలి. రిఫార్మర్ ఉన్నచోట తాళ్లు నలిగాయా, స్ప్రింగుల కొక్కేలు వదులయ్యాయా అని ఒకసారి కళ్లతో వెతకండి. స్ప్రింగులను రెండేళ్లకొకసారి మార్చాలని తయారీదారులు సూచిస్తారు కనుక ఎప్పుడు మార్చారని అడగవచ్చు. మొదటి క్లాసులోనే కదిలే పలక మీద నిలబెట్టే చోట చేరకండి.

డబ్బు కట్టే ముందు

తొలిరోజే ఏభై క్లాసుల ప్యాకేజీ మీద పెద్ద తగ్గింపు చూపించి, ఈరోజే కడితేనే వర్తిస్తుందని అంటారు. పది క్లాసులకు మించి కట్టకండి. శిక్షకులు మానేసి వెళ్లిపోతే మిగిలిన డబ్బు సంగతేమిటో, ఆరోగ్యం బాగాలేక ఆపితే ఎన్నాళ్లు నిలిపి ఉంచుతారో రాతలో తీసుకోండి. డిస్కును నయం చేస్తామని, ఇన్ని రోజుల్లో పొట్ట కరిగిస్తామని రాసిన కరపత్రం కనబడితే అక్కడికే ఆగండి. ఊళ్లో స్టూడియో లేనివారు రికార్డు చేసిన వీడియోలకు బదులు, ఒకరో ఇద్దరో ఉండే ప్రత్యక్ష ఆన్‌లైన్ క్లాసు ఎంచుకొని, ఫోనును మీకు పక్కగా, నేలకు రెండడుగుల ఎత్తున నిలబెట్టండి; ఎదురుగా పెడితే నడుము వంపు అవతలివారికి కనబడదు.

చేరిన రోజున తేదీ వేసి మూడు సంగతులు రాసిపెట్టుకోండి: నేల మీద బాసిపెట్లు వేసుకొని కూర్చొని ఏ ఆసరా లేకుండా లేవగలరా, ఒంటికాలిపై ఎన్ని సెకన్లు నిలబడగలరు, నొప్పి ఉంటే పదికి ఎంత. వారానికి రెండు క్లాసుల లెక్కన ఎనిమిది వారాలు చేశాక అదే కాగితం తీసి, శిక్షకుల ఎదుటే మళ్లీ సరిచూడండి. మూడింట్లో ఒక్కటీ కదలకపోతే ఏం మారుద్దామని వారినే అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి తర్వాతి పది క్లాసుల డబ్బు ఎవరికి కట్టాలో నిర్ణయించుకోండి.